ఉప్పు కంట్లాల దావ: గుత్తి గుట్టల కింద తాండా నడిచిన ఒక రోజు

  పోస్టు పొడుగ్గానే ఉంటుంది. బస్సులో ఉన్నవాళ్ళు దాచుకుని రాత్రికి తీరిగ్గా చదవండి.

మన గురించి ఎవరు రాసినా మొదటి వాక్యం దాదాపు ఒకటే. సుగాలీలు సంచార జాతి, ఒకచోట నిలవరు, ఊరూరా తిరుగుతారు అని. పోటీ పరీక్షల గైడ్లలో కూడా ఇదే. మనమూ అదే బట్టీ పట్టి రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ తిరగడం వేరు, బరువు మోసుకుని ఒక దావన పోయి ఇంకో బరువు ఎత్తుకుని అదే దావన తిరిగి రావడం వేరు. లారీ డ్రైవరును ఎవరూ సంచారి అనరు. గూడ్సు బండి గార్డును అసలే అనరు. మన తాతలు చేసింది ఆ పనే. దాన్ని పనిగా ఎవరూ రాయలేదు కాబట్టి ఈసారి మనం రాద్దామనుకున్నాం.

ఈ మధ్య మన పిల్లలు కొందరు వీపున బ్యాగు తగిలించుకుని ట్రెక్కింగులకు పోతున్నారు. మంచిదే. గుత్తి కోట ఎక్కుతారు, పెనుకొండ ఎక్కుతారు, వీలైతే నల్లమల దాకా పోతారు. బ్యాగులో పది పన్నెండు కిలోలు ఉంటే సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. రెండు లీటర్ల నీళ్ళు, బిస్కెట్లు, ఒక దుప్పటి, పవర్ బ్యాంకు. ఇంత మోసుకుని ఒక రోజు నడవడానికే ఎంత లెక్క కావాలో వాళ్ళకు తెలుసు. నీళ్ళు యాడ దొరుకుతాయి, ఎండ ఎక్కకముందే ఎంత దూరం పోవాలి, రాత్రి యాడ పడుకోవాలి. ఇదే లెక్కను వందల ఎద్దులతో, ముసలివాళ్ళతో, చంకలో బిడ్డలతో, నెలల తరబడి వేసినవాళ్ళు ఉన్నారు. ఆ పనికి మన బోలీలో పేరు కూడా ఉంది: లదేణి. ఎద్దుల మీద సరుకు వేసుకుని పోయే వ్యాపారం.

ఎద్దు మీద వేసే జంట సంచిని తెలుగులో కంట్లం అంటారు, పెరికె అని కూడా అంటారు. వీపుకు అటొకటి ఇటొకటి వేలాడుతుంది. రెండు వైపులా బరువు సమానంగా లేకపోతే మైలు దూరంలోనే ఎద్దు వీపు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అందుకని సరుకు నింపడం పిల్లకాయల చేతికి ఇచ్చే పని కాదు. ఒక ఎద్దు మీద రమారమి క్వింటా వేశారనుకుందాం. వంద ఎద్దుల తాండా అంటే పది టన్నులు, అంటే ఇప్పుడు ఒక లారీ లోడు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో ఆగ్రా, పాట్నాల మధ్య ఒక తాండాను చూసి 14,000 ఎద్దులని రాసుకున్నాడు. క్వింటా చొప్పున వేసుకున్నా 1,400 టన్నులు. గుంతకల్లు జంక్షన్లో నిలబడితే మన ముందు నుంచి పోయే గూడ్సు బండి ఉంటుందే, దాంట్లో సగం సరుకు. అదంతా కాలినడకన.

అదే శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు కూడా పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూశాడు. ఇరుకు దావలో అలాంటి బిడారు ఎదురైతే అది దాటేదాకా ప్రయాణికులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఇప్పుడు హైవే మీద అరగంట ట్రాఫిక్ ఆగితేనే మనం హారన్ కొడతాం.

ఇక మన నేల సంగతి. అనంతపురం అంటే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిస్తే. సముద్రం యాడో ఉంది. ఈ పీఠభూమిలో పత్తి పండేది, జొన్న, కొర్ర పండేవి, సముద్రపు ఉప్పు మాత్రం పుట్టదు. సంగటిలోకి, ఊరగాయలోకి, పశువుకు నాకించడానికి, తోలు ఊనడానికి అన్నిటికీ ఉప్పు కావాలి. అది కోస్తా నుంచి రావాలి. ఇక్కడి నుంచి పత్తి, ధాన్యం అటు పోవాలి. లంబాడీ అన్న పేరు లవణం నుంచి వచ్చిందని కొందరు, బంజారా అన్నది వాణిజ్యం నుంచి వచ్చిందని కొందరు అంటారు. పేర్ల పుట్టుక మీద పండితులకు ఒక మాట లేదు, దాన్ని వాళ్ళకే వదిలేద్దాం. పని మాత్రం ఉప్పు పనే.

గుత్తి నుంచి ఒంగోలు వైపు ఉప్పు కొటార్ల దాకా దూరం చూడండి. ప్యాపిలి, ఎర్రమల కొండలు, నంద్యాల, తర్వాత నల్లమల అడ్డం. నల్లమలను దాటడానికి నంద్యాల, గిద్దలూరుల మధ్య ఉన్న నందికనుమ పాత దారి. అక్కడి నుంచి కంభం, మార్కాపురం మీదుగా సముద్రం. అటూ ఇటూగా 300 కిలోమీటర్లు. మండీ చూసిన తాండా రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడిచేది కాదు, అదీ చల్లపొద్దులోనే. అంటే పది పదకొండు కిలోమీటర్లు. ఆ లెక్కన పోవడానికి నెల, రావడానికి నెల, మధ్యలో కొనుగోలు, అమ్మకం, ఎద్దులకు విశ్రాంతి. ఏడాదికి రెండు సార్లు తిరిగితే గొప్ప.

ఈ కొండ దావల మీద మనం ఒక్కరమే లేము. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తోలిన ఎరుకల వాళ్ళు ఉన్నారు. పాత రాతల్లో వాళ్ళను ఉప్పు కొరవలనే రాశారు. నల్లమల కనుమల్లో కాపలా చెంచుల చేతుల్లో ఉండేది, దాటేవాళ్ళు వాళ్ళకు ఇచ్చుకుని దాటేవారు. మూడు తెగల పని ఒకే దావ మీద కలిసేది. మన మీటింగుల్లో ఒక్కోసారి ఒకరికొకరం సంబంధం లేనట్టు కూచుంటాం కాబట్టి ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒక రోజును కట్టి చూద్దాం. బయటివాళ్ళు రాసిపెట్టింది, ఈ నేల గురించి మనకు తెలిసింది పక్కపక్కన పెట్టుకుని కడుతున్నాం. ఉప్పుతో తిరుగు ప్రయాణం. మాఘమాసం అనుకోండి. తాండా ప్యాపిలి దాటింది, గుత్తి ఇంకా రెండు రోజుల దూరం.

చుక్క పొడవక ముందే లేవాలి. ఎద్దులు రాత్రంతా నెమరేసి పడుకుని ఉంటాయి. మొదట వీపు తడిమి చూడాలి. పుండు పడిన ఎద్దుకు ఈరోజు బరువు లేదు, దాని కంట్లం ఇంకోదానికి పోవాలి, లేదా పదిటికి పంచాలి. తర్వాత ఎత్తడం. ఒక్కో కంట్లానికి ఇద్దరు మనుషులు, అటొకరు ఇటొకరు, ఒక్కసారిగా లేపి వీపు మీద వేయాలి. వంద ఎద్దులంటే వంద సార్లు. ఆలస్యమైతే మొదట ఎత్తిన ఎద్దు బరువుతో ఊరికే నిలబడి అలిసిపోతుంది. అందుకే చివరి కంట్లం ఎక్కేలోపు ముందువరస కదలాలి. నడక కంటే ఈ ఎత్తడం, దించడం కష్టమని ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది. మన ఊర్లలో వేరుశనగ మూటలు ట్రాక్టరుకెత్తిన వాళ్ళను అడగండి.

ముందు నడిచే ఎద్దు సంగతి వేరు. 19వ శతాబ్దంలో బేరార్లో పోలీసు అధికారిగా చేసిన కంబర్లెజ్ దాని గురించి రాశాడు. దాన్ని హతాడియా అంటారని, దేవునికి విడిచిన ఎద్దని, దాని మీద ఎప్పుడూ బరువు వేయరని, ఎర్ర పట్టు పీలికలు, గంటలు, ఇత్తడి గొలుసులు, గవ్వల దండలతో అలంకరిస్తారని. అది ముందు నడుస్తుంది, అలిసి యాడ పడుకుంటే ఆ రోజు మజిలీ అక్కడే. ఇది చదివి మూఢనమ్మకం అని నవ్వేవాళ్ళు ఉంటారు. మాకు మాత్రం ఇందులో తెలివి కనబడుతుంది. బరువు లేని ఎద్దే అలిసిపోయిందంటే బరువున్నవి ఎప్పుడో అలిసిపోయి ఉంటాయి. ఇంకో మైలు పోదాం, ఇంకో మైలు పోదాం అనే మనిషి ఆశకు అక్కడ కళ్ళెం పడేది. నాయక్ చెప్పినా దేవుని ఎద్దు మాట దాటేది లేదు.

ఆడవాళ్ళ నడక గురించి బయటివాళ్ళు రాసిందంతా వాళ్ళ బట్టలు, గాజులు, అద్దాల గురించే. ఫేటియా, కాంచళి, కొమ్ము గాజులు చూసి ఆగిపోయారు. మండీ చూసిన తాండాలో ఆడ, మగ, పిల్లలు కలిపి ఆరేడు వందల మంది. 14,000 ఎద్దులకు అంతే మంది. అంటే ఒక్కో మనిషికి ఇరవై ఎద్దులు, పసిపిల్లలను లెక్క తీసేస్తే ఇంకా ఎక్కువ. ఆడవాళ్ళు తోలకుండా ఆ పని జరగదు, లెక్కే చెబుతోంది. యాడి చంకలో బిడ్డను ఎత్తుకుని, చేతిలో కట్టె పట్టుకుని ఎద్దులను అదిలిస్తూ నడిచింది. మజిలీ చేరాక మగవాళ్ళు కూలబడితే ఆమె పొయ్యి రాజేసింది.

ఎర్రమల దిగువన దావ అంతా రాళ్ళు. కొండలు పైన బల్లపరుపుగా ఉంటాయి, అంచున మాత్రం నిలువు. బండి చక్రం అక్కడ పనికిరాదు, ఎద్దు కాలు పనికొస్తుంది. ఈ ఒక్క కారణం చేతనే రోడ్లు వేసేదాకా కంట్లం ఎద్దుకు పోటీ లేదు. దిగేటప్పుడు బరువు మెడ మీదికి జారుతుంది, తోలేవాళ్ళు వెనక్కి పట్టుకుంటూ దించాలి. కింద ఎర్ర మట్టి, మధ్య మధ్యలో నల్లరేగడి. మాఘంలో రేగడి ఎండి గట్టిగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. వానల్లో అయితే ఎద్దు మోకాలు దాకా దిగబడుతుంది, ఉప్పు కరిగిపోతుంది. అందుకే వానాకాలం నడక ఉండదు, తాండా ఒకచోట దిగుతుంది. మన తీజ్ శ్రావణంలోనే ఎందుకొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? బుట్టలో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచే పండగ నడిచేవాళ్ళు చేసుకోలేరు. నిలిచిన నెలల్లోనే చేసుకోగలరు. ఇది మా ఊహ. పెద్దవాళ్ళు ఇంకో కారణం చెబితే వింటాం.

ఎండ నెత్తికి రాకముందే మజిలీ. ఎంచుకునేది ఒక్క దాన్ని చూసే: నీళ్ళు. మాఘానికి వంకలు ఎండిపోయి ఉంటాయి, పెన్న కూడా ఇసుకే. ఇసుకలో చెలమ తీయాలి. మోచేయి లోతు తవ్వితే ఊట వస్తుంది, మనుషులకు చాలుతుంది. వంద ఎద్దులకు చెలమ చాలదు, చెరువు కావాలి. ఈ సీమలో చెరువులు తవ్వించిన రాజుల పేర్లు మనకు బడిలో చెప్పారు. 1364లో కట్టిన అనంతపురం చెరువు గురించి అందరికీ తెలుసు. ఆ చెరువుల్లో నీళ్ళు తాగి సీమకు ఉప్పు మోసిన ఎద్దుల గురించి ఎవరూ చెప్పలేదు.

చెరువు దగ్గర దిగితే ఊరివాళ్ళతో మాట్లాడాలి. పైరు మేస్తే గొడవ. ఉప్పు కొనేదీ ఆ ఊరివాళ్ళే, కట్టె పట్టుకుని వచ్చేదీ వాళ్ళే. మన కథల్లో భంగీ, జంగీ నాయకుల రాగి రేకు ఒకటి ఉంది కదా. షాజహాన్ కాలంలో దక్కనుకు సైన్యంతో వచ్చిన ఆసఫ్ ఖాన్ బంగారు అక్షరాలతో రాయించి ఇచ్చాడని చెప్పుకుంటారు. అందులో వరాలు ఏమిటి? కుండలో నీళ్ళు తీసుకునే హక్కు, ఇంటి కప్పు మీది గడ్డి పశువులకు వేసుకునే హక్కు. రోజుకు ఇన్ని హత్యలు మాఫీ అన్న మాట కూడా ఉంది, బయటివాళ్ళు ఎప్పుడూ దాన్నే పట్టుకుని మనల్ని చూపిస్తారు. నీళ్ళు, గడ్డి అన్న మొదటి రెండింటినీ చూడరు. పాదుషా దగ్గర అడగడానికి ఇంకేమీ లేనట్టు వీళ్ళు నీళ్ళూ గడ్డీ అడిగారంటే దావ మీద బతుకు దేనితో నిలిచిందో తెలియడం లేదా?

సాయంత్రం కంట్లాలను దించి ఒకదాని మీద ఒకటి పేర్చి దడి కడతారు. ఎద్దులు లోపల, మంటలు, కుక్కలు బయట. జొన్న బాటి, మిరపకాయ కారం. పాటలు ఉండేవి, వాటిని రాయడానికి ఇంకో పోస్టు కావాలి. తెల్లారితే మళ్ళీ ఎత్తడం. రేపటి నడకలో గుత్తి కోట కనబడుతుంది. మైదానం మీద దాదాపు 300 మీటర్లు లేచిన కొండ అది. రెండు రోజుల దూరం నుంచే గుర్తు పట్టవచ్చు, దావ తప్పే పని లేదు.

ఆ గుత్తి దగ్గరే గొల్లలదొడ్డిలో 1739 ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్ పుట్టారని మనం నమ్ముతాం, సేవాగఢ్‌కు అందుకే పోతాం. కర్ణాటక వాళ్ళు దావణగెరె జిల్లా సూరగొండనకొప్ప అంటారు. దాని మీద వాదులాడే బదులు ఒక సంగతి గమనించండి. ఆయన సమాధి మహారాష్ట్రలోని వాశిం జిల్లా పోహ్రాగఢ్‌లో ఉంది. గుత్తి నుంచి గీత గీసి కొలిచినా 550 కిలోమీటర్లకు పైనే. భీమా నాయక్ కొడుకుకు అది పరాయి దేశం కాదు. వేల పశువులతో లదేణి చేసిన ఇంటివాళ్ళకు అదంతా ఒకే దావ. మనకు మూడు రాష్ట్రాలుగా కనబడేది వాళ్ళకు కొన్ని పదుల మజిలీలు.

ఆయన పుట్టిన కాలం యుద్ధాల కాలం. గుత్తి కోట మురారిరావు ఘోర్పడే చేతిలో ఉండి, 1776లో హైదరాలీ చేతికి పోయింది. మరాఠాలు, నిజాము, మైసూరు, కుంఫిణీ ఎవరు కదిలినా సైన్యానికి తిండి కావాలి, తిండి ఎద్దుల మీదే రావాలి. 1791లో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా పోయి, పశువులు చచ్చి, తిండి లేక తన ఫిరంగులను తానే పగలగొట్టుకుని వెనక్కి తిరిగాడు. తర్వాతి ఏడు మళ్ళీ ముట్టడించగలిగాడంటే బంజారాల ధాన్యం ఒక పెద్ద కారణం. 1799లో కూడా కుంఫిణీ సైన్యం మన ఎద్దుల మీద ఆధారపడింది. దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు మనలో ఉన్నారు. మాకు అంత గర్వం లేదు. వ్యాపారులు ఎవరు డబ్బిస్తే వాళ్ళకు అమ్ముతారు, మన వాళ్ళూ అమ్మారు. అయితే తిండి తిన్నవాడు తర్వాత ఏం చేశాడో మాత్రం మరిచిపోకూడదు.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి ఇచ్చేశాడు, మన్రో కలెక్టరుగా వచ్చాడు. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద కుంఫిణీ గుత్తాధిపత్యం వచ్చింది. ఇక కొటారు దగ్గర బేరం లేదు, సర్కారు చెప్పిందే ధర. తర్వాత రోడ్లు, బండ్లు. 1871కి మద్రాసు, బొంబాయి రైలు మార్గం రాయచూరు దగ్గర కలిసింది. అది గుత్తి, గుంతకల్లు మీదుగానే పోతుంది. 1880ల్లో గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల మీదుగా బెజవాడ వైపు ఇంకో లైను వేశారు, బొగద దగ్గర కొండ తొలిచి. మన నందికనుమ దావ పక్కనే. నెల రోజుల నడక ఒక రోజు ప్రయాణం అయిపోయింది. రైలు చెడ్డదని మేము అనడం లేదు, మనలో ఎంతమంది రైల్వే పరీక్షలు రాస్తున్నారో తెలుసు. కానీ ఉప్పు రైలెక్కినప్పుడు కంట్లం మోసేవాడికి ఏం పని ఇద్దామని ఒక్కరూ ఆలోచించలేదు.

1876లో కరువు వచ్చింది, 1878 దాకా పట్టింది. అప్పటికి మన జిల్లా బళ్ళారిలోనే ఉంది, 1882లో విడిపోయింది. ఎద్దులు గడ్డి లేక పోయాయి. రైలు ధాన్యాన్ని స్టేషను దాకా తెస్తుంది, స్టేషను నుంచి గుట్ట వెనక ఊరికి మోయాలంటే పశువు బతికి ఉండాలి కదా. కరువు పనికి పోయిన మగమనిషికి రిచర్డ్ టెంపుల్ లెక్క ప్రకారం రోజుకు ఒక పౌను గింజలు, అంటే అర కిలో కూడా లేదు, ఒక అణా. ఎద్దు పోయిన సుగాలికి మళ్ళీ ఎద్దు కొనే దారి అందులో యాడుంది?

అదే 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం వచ్చింది. మద్రాసు రాజధానికి 1911 చట్టంతో వచ్చి చేరింది. ఉప్పు తోలిన ఎరుకల వాళ్ళు ఈ చట్టం కింద ఎట్లా నలిగారో మీనా రాధాకృష్ణ 2001లో ఒక పుస్తకమే రాశారు, ఇంగ్లీషు చదవగలిగిన వాళ్ళు తప్పక చదవండి. రైళ్ళు, ఉప్పు విధానం వాళ్ళ వ్యాపారాన్ని తీసేశాయి, పని పోయి దావ మీద మిగిలిన వాళ్ళ మీద నేరస్థులని ముద్ర పడింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. నిన్నటిదాకా కొండలు దాటి నడిచినవాళ్ళకు హాజరు పట్టీ పెట్టారు. మన లంబాడీ తాండాల మీదా అదే అనుమానం, అదే పోలీసు కన్ను పడింది. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో. ముద్ర మాత్రం కొన్ని స్టేషన్లలో ఇంకా పూర్తిగా పోలేదు, మీలో కొందరికి అది చెప్పక్కర్లేదు.

ఎద్దులు పోయాక తాండా యాడ ఆగిందో అక్కడే నిలిచిపోయింది. ఊరికి దూరంగా, గుట్ట పక్కన, రాళ్ళ నేలలో. వేరుశనగ వేశాం, బోర్లు వేశాం, ఎండిపోయాయి. ఇప్పుడు సంక్రాంతి దాటితే తాండాలో సగం ఇళ్ళకు తాళాలు. బెంగళూరు, కేరళ. తలమీద మూట, చంకలో బిడ్డ. దాన్ని పేపర్లలో వలస అని రాస్తారు. ఒకటే తేడా, అప్పుడు మూట మనది, ధర మనం చెప్పేవాళ్ళం.

చివరగా ఒక పని. మనలో ఢాడీల దగ్గర వంశాల లెక్కలు ఉన్నాయి, జేజిల దగ్గర మాటలు ఉన్నాయి. మజిలీల పేర్లు, ఎద్దుల రంగులకు పేర్లు, కంట్లం కుట్టే దబ్బనానికి పేరు, బరువు ఎత్తేటప్పుడు ఇద్దరూ కలిసి అనే మాట. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అడగండి. అటక మీద పాత కంట్లం, ఎద్దు మెడ గంట, గవ్వల పట్టీ ఏదైనా ఉంటే ఫోటో తీయండి. అది ఎవరిది, ఏ దావన నడిచిందో ముసలివాళ్ళ నోట వినండి, వాళ్ళ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. గోర్ బోలీలో చెబితే గోర్ బోలీలోనే ఉంచండి, తెలుగులోకి మార్చొద్దు. ప్యాపిలి నుంచి గుత్తి దాకా ఉన్న తాండాల పిల్లలు ముందు మొదలుపెడితే ఆ రెండు మూడు మజిలీలు ఏవో తేలుతాయి. నందికనుమ వైపు చెంచు తమ్ముళ్ళు చూసుకుంటామన్నారు.